గోడకు అటువైపు మీట

పదిహేడు సెంటీమీటర్ల పొడవు, పదిహేడు సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఒక పలకను ఎంచడానికి నేను ఇరవై రెండు రోజులు తీసుకున్నాను. ఆ ఎంపికలో తప్పు లేదు, ఇప్పటికీ లేదు. తప్పంతా ఆ తర్వాత జరిగి, మా ఇంటి గోడను చీల్చుకుని వెళ్లి పక్కింటి పప్పుగిన్నెలో పడింది. ఇది ఉపమానం కాదు. నిజంగానే పడింది. ఎలా పడిందో వరుసగా చెబుతాను. మధ్యలో నవ్వొస్తే ఆపుకోనక్కర్లేదు, మా చాల్‌లో, అంటే ఒకే వరండా వెంట గదులున్న మా భవనంలో, ఎవరూ ఆపుకోలేదు.

మేముండేది బొంబాయి కామాటిపురాలో, మూడో అంతస్తులో, పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల గదిలో. మా తాతల కాలంలో మావాళ్లు పాలమూరు వైపు నుంచి ఇళ్లు కట్టడానికి వచ్చారు. ఊరికంతా గదులు కట్టి తమకు ఈ ఒక్కటి మిగుల్చుకున్నారు. మా నాన్న మేస్త్రీ. నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఒక కంట్రాక్టరు దగ్గర కొలతల పుస్తకం రాశాను. ఏ గోడ ఏ రోజు ఎంత లేచింది, ఎవరు కట్టారు, అదీ నా పని. పని మానేశాను గానీ పుస్తకం మానలేదు. నల్లా ఎన్నింటికి వచ్చింది, గ్యాస్ బండ ఎన్ని రోజులు నడిచింది, పాలు ఏ వారం విరిగాయి, అన్నీ అందులో ఉంటాయి. నా మనవరాలు శ్రావణి దాన్ని ‘అవ్వ కోర్టు’ అంటుంది. ఇంట్లో ఎవరు అబద్ధమాడినా పేజీ తిప్పి చూపిస్తాను, అందుకు.

ఈ కథ నాటికి నాకు అరవై ఎనిమిదేళ్ల నాలుగు నెలలు. ఇప్పటికి నాలుగేళ్ల కిందటి మాట. ఆ దుడుకు వయసును దృష్టిలో పెట్టుకుని నన్ను క్షమించాలి.

శ్రావణి కంప్యూటర్ మీద భవనాల నక్షాలు గీయడం నేర్చుకుంది. మా వంశంలో ఇటుక ముట్టకుండా గోడ లేపే మొదటి మనిషి అదే. ఇంటి దగ్గర కూర్చుని చేసుకునే ఉద్యోగం ఇస్తామని ఒక ఆఫీసు వాళ్లు అన్నారు. కాకపోతే ఒక పరీక్ష. నెలాఖరు సోమవారం పొద్దున పదింటికి ఒక నక్షా పంపుతారు, దాన్ని సొంత కంప్యూటర్ మీద సరిచేసి ఒంటిగంటలోపు తిప్పి పంపాలి. పంపితే ఉద్యోగం. లేకపోతే నాగ్‌పాడాలో చెప్పుల దుకాణంలో బిల్లులు కొట్టే పాత పనే గతి. ఆ పనిలో అది రెండేళ్లుగా రోజంతా నిలబడి, సాయంత్రానికి బన్నురొట్టెల్లా ఉబ్బిన పాదాలతో మెట్లెక్కి వచ్చేది. అందుకని ఆ సోమవారం మా ఇంట్లో గణపతి పండగకన్నా పెద్దదైంది.

ల్యాప్‌టాప్ ఒకటి ఉండేది. రెండు ఎండాకాలాలు చూసి కన్నుమూసింది. దానిలో ఒక భాగం పోతే మొత్తం పోయినట్టే. ‘‘అవ్వా, విడివిడి సామాన్లు తెచ్చి చిన్న డబ్బా కట్టిపిచ్చుకుందం. ఏది ఖరాబైతే అదొక్కటే మార్చుకోవచ్చు’’ అంది శ్రావణి.

కట్టించడం అన్న మాట చెవిన పడ్డాక నేను ఊరుకుంటానా? ఆ పూటే కొత్త పేజీ తెరిచి, పైన ‘కంప్యూటర్ నిర్మాణం’ అని రాసి, కింద గీత కొట్టాను.

కట్టించాక ఎక్కడ పెట్టాలి? అదీ అసలు చిక్కు. నలుగురు మనుషులు, ఒక మంచం, రెండు నీళ్ల డ్రమ్ములు ఉన్న గది. నల్లా వచ్చే వేళకు నేల తడుస్తుంది. అటకమీద రేకుల వేడికి వడియాలు ఎండుతాయి. మిగిలింది ఒకటే చోటు, దేవుడి పలక కిందున్న గూడు. ఒకప్పుడు అందులో దీపం, తర్వాత రేడియో, ఆ తర్వాత నా మందులు ఉండేవి. మా నాన్న వాడిన మడత కొలబద్దతో కొలిచాను. వెడల్పు ఇరవై అయిదు సెంటీమీటర్లు, ఎత్తు ఇరవై ఎనిమిది, లోతు ఇరవై ఆరు. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ అంతే వచ్చింది. కొలత రెండుసార్లు ఒకేలా వస్తే సంతోషం, మూడోసారీ వస్తే గర్వం. నా పతనం ఆ మూడోసారి దగ్గరే మొదలైంది.

గూట్లో పట్టే పెట్టె కావాలంటే లోపలి మదర్‌బోర్డు చిన్నది కావాలి. తెలియని వాళ్లకు చెబుతున్నాను, మదర్‌బోర్డు అంటే కంప్యూటర్ భాగాలన్నీ వచ్చి కూర్చునే పలక. ఇంటికి పునాది ఎలాగో దానికి అది అలాగ. పునాది ఎంచే పని ఇరవై రెండేళ్ల పిల్లకు వదలడం నాకు ఇష్టం లేకపోయింది.

నాగ్‌పాడా సందులో ఇక్బాల్ అనే అతనికి కంప్యూటర్ సామాన్ల దుకాణం ఉంది. గడియారం గుండెకాయలోంచి దుమ్ము తీసేంత నెమ్మదస్తుడు. నన్ను ఖాలా అని, అంటే పిన్నీ అని పిలుస్తాడు. ఇరవై రెండు రోజుల్లో ఆ దుకాణానికి పదకొండుసార్లు వెళ్లాను. మొదటిరోజు అతను నాకు కుర్చీ వేశాడు. అయిదోరోజు చాయ్ తెప్పించాడు. ఎనిమిదోరోజు నన్ను చూసి దుకాణం వెనక్కి వెళ్లాడు గానీ ఆ దుకాణానికి వెనక తలుపు లేదు.

నాకు మూడు పలకలు చూపించాడు, మూడూ పదిహేడు సెంటీమీటర్ల చదరాలే. నేను కొలిచి చూసుకున్నాను. మూడోదాన్ని గాజుబల్ల మీద పెట్టి, సంచిలోంచి నాన్న రసమట్టం, అదే మట్టం చూసే గాలిబుడగ పనిముట్టు, తీసి దాని మీద ఉంచాను, మధ్యలో ఒంగిందేమో చూద్దామని. ఇక్బాల్ అదీ ఓర్చుకున్నాడు. ఇటుక మంచిదో కాదో తెలియాలంటే వేలి కణుపుతో తట్టి వినడం మాకు అలవాటు. తట్టబోతుంటే మాత్రం రెండు చేతులూ జోడించాడు.

‘‘ఖాలా, ఇది మోగదు’’ అన్నాడు హిందీలో.

‘‘మోగనిది గట్టిదని ఎలా నమ్మడం?’’ అన్నాను నా హిందీలో.

అతను ఓపికగా చెప్పాడు, నేను రాసుకున్నాను. ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగాల మీద లోహపు దిమ్మలు ఉన్నాయా లేదా చూడాలి, ఉంటే వేడి తగ్గుతుంది, పలక ఎక్కువకాలం బతుకుతుంది. కొన్న ప్రాసెసర్‌ను ఆ పలక మొదటిరోజు నుంచే గుర్తుపడుతుందా అని అడగాలి. మెమరీ పెట్టే చీలికలు రెండుండాలి. చిన్న పలక గనుక రెండుకు మించి ఎలాగూ ఉండవు. పూచీ ఎన్నేళ్లు, పాడైతే బాగుచేసే చోటు బొంబాయిలోనే ఉందా అన్నవి అన్నిటికన్నా ముఖ్యం. నేను ప్రతి గుణానికీ ఒక గడి గీసి, మూడు పలకలకూ పరీక్ష పేపరు దిద్దినట్టు గుర్తులు పెట్టాను. ఒకటోదానికి దిమ్మల్లేవు. రెండోదానికి పూచీ ఒక ఏడు తక్కువ. మూడోది అన్నిటా నెగ్గింది. ఒక్క గడిలో మాత్రం దానికి నేనే తప్పుగుర్తు పెట్టాను. ఆ గడి సంగతి ఇప్పుడే చెప్పను. చెబితే మీరు నన్ను మించిపోతారు.

ఇరవై రెండోరోజు, గురువారం, మూడో పలకను ఖాయం చేశాను. ఇక్బాల్ భార్య లోపలి నుంచి మిఠాయి పంపింది. నేను పలక కొన్నందుకో, ఇక రానందుకో ఆమెనే అడగాలి.

పెట్టె కూడా నేనే ఎంచాను. లోతు ఇరవై అయిదు సెంటీమీటర్లు. గూడు లోతు ఇరవై ఆరు. ‘‘వెనక కాస్త ఎక్కువ జాగా ఉంటే మంచిది ఖాలా’’ అన్నాడు ఇక్బాల్. ‘‘ఒక సెంటీమీటరు ఉంది’’ అన్నాను. అతను ఇంకేదో అనబోయి, పదకొండు రోజులూ గుర్తొచ్చి, నోరు మూసుకున్నాడు. మరునాటికి అన్నీ బిగించి ఇచ్చాడు.

శుక్రవారం సాయంత్రం. ఇంట్లో అందరం నిలబడి ఉండగా శ్రావణి పెట్టెను గూట్లోకి తోసింది. డబ్బాకు మూతలా సరిగ్గా కూర్చుంది. నా కొడుకు చప్పట్లు కొట్టాడు. కోడలు హారతి పళ్లెం తెస్తానంది. నేను పుస్తకంలో టైము రాశాను.

‘‘అవ్వా’’ అంది శ్రావణి, చేతిలో తీగలు పట్టుకుని. ‘‘ఇవన్నీ ఎన్కకు పెట్టాలె.’’

‘‘పెట్టు.’’

‘‘ఎట్ల పెట్టాలె? ఎన్క గోడ ఉన్నది.’’

అందరూ నా వైపు చూశారు. నేను కొలబద్ద వైపు చూశాను. తెరకు వెళ్లే తీగ, కరెంటు తీగ, కీబోర్డు తీగ, అన్నీ పెట్టె వెనక్కే గుచ్చాలి. ఒక్కొక్కటి గుచ్చాక ఆరు సెంటీమీటర్లు బయటికి పొడుచుకు వస్తుంది. పలకను ఇరవై రెండు రోజులు చూశాను, దాని అంచున వరుసగా ఉన్న రంధ్రాలను లెక్కపెట్టి మరీ రాసుకున్నాను. వాటిలో ఏదైనా గుచ్చుతారని మాత్రం నాకు తట్టలేదు. తలుపు కొలిచి, తెరుచుకోవడానికి జాగా మరిచిన మేస్త్రీని మా నాన్న పనిలోంచి తీసేసేవాడు.

పెట్టె మార్చి తెస్తానంది శ్రావణి. సోమవారానికి మధ్యలో రెండు రోజులే ఉన్నాయి. అదీగాక నేను ఒప్పుకుంటే కదా. మేస్త్రీ ఇంట్లో వస్తువు గోడకు సరిపోకపోతే వస్తువును మార్చరు. గోడను మారుస్తారు.

మా తమ్ముడు యాదగిరికి ఫోన్ చేశాను. వాడూ మేస్త్రీయే, పని మానేసి ఆరేళ్లయినా ఉలీ సుత్తీ తలగడ కింద పెట్టుకుని పడుకునే రకం. ‘‘గూడు ఎన్కకు ఒక ఆరు సెంటీమీటర్లు చెక్కాలె, అంతే’’ అన్నాను. శనివారం పొద్దున తొమ్మిదికల్లా దిగాడు.

‘‘గోడ మందమెంతక్కా?’’ అన్నాడు.

‘‘ఒకటిన్నర ఇటుక. నాయిన చెప్పంగ రాసుకున్న’’ అని పాత పుస్తకం చూపించాను.

రాసింది నిజమే. గోడ మందం ఒకటిన్నర ఇటుకే. కానీ గూడు ఉన్నచోట అందులో ఒక ఇటుక లోతు అప్పటికే తవ్వేసి ఉంది కదా, అక్కడ మిగిలింది సగం ఇటుక. ఈ తీసివేత మూడో తరగతి పిల్లలు కూడా చేస్తారు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు కొలతలు రాసిన నేనూ, నలభై ఏళ్లు గోడలు కట్టిన మా తమ్ముడూ చేయలేదు.

నాలుగో దెబ్బకు ఉలి చేతిలోంచి సగం లోపలికి పోయింది. అటువైపు ‘బుడుంగ్’ మని శబ్దం వచ్చింది. తర్వాత ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత ఆ కన్నంలో ఒక కన్ను ప్రత్యక్షమైంది.

‘‘అక్కా’’ అంది ఆ కన్ను. ‘‘నా పప్పుల ఇటుక పడ్డది.’’

ఆ కన్ను కమలది. గోడకు అటువైపు వంటగట్టు ఆమెది. ఒంటరి మనిషి, నాకన్నా పదేళ్లు చిన్నది, నలభై ఏళ్లుగా పక్కిల్లు. ఆ రోజు ఆమెకు మా ఇంటి నుంచి పప్పు వెళ్లింది. ఇటుకముక్క బరువు చూసి రాద్దామనుకుంటే శ్రావణి పుస్తకం లాక్కుంది.

ఇంక లోతు పెంచడం కుదరదు. కన్నం పూడ్చేద్దామని కోడలు, పెట్టె వెనక్కిచ్చేద్దామని కొడుకు వాదించుకుంటుంటే, యాదగిరి గోడకు ఆనుకుని బీడీ కోసం జేబు తడుముకుంటూ అన్నాడు. ‘‘డబ్బాను అటు తిప్పి పెడితే ఏమైతది? తీగలు ఇటు మన దిక్కొస్తయి.’’

తిప్పి పెట్టాం. తీగలన్నీ గదివైపు వచ్చాయి, హాయిగా గుచ్చుకున్నాయి. యాదగిరిని మెచ్చుకుంటూ చాయ్ ఇచ్చాను. వాడు సగం తాగాక శ్రావణి మెల్లగా అడిగింది. ‘‘మరి ఆన్ చేసే బటన్?’’

అది పెట్టె ముఖాన ఉంది. ముఖం గోడవైపు ఉంది.

ఇక్కడ మీరు ‘ప్రతిసారీ బయటికి లాగి నొక్కొచ్చుగా’ అంటారు. నేనూ అన్నాను. కానీ యాదగిరి వంగి కన్నంలోకి చూసి, మా వంశంలో ఎవరికీ రాని చిరునవ్వు నవ్వాడు. కన్నం, బటన్ దాదాపు ఎదురెదురుగా ఉన్నాయట. ‘‘డబ్బాను రెండు వేళ్లంత పక్కకు జరిపితే చాలక్కా. కమల అటు నుంచి ఒత్తుతది.’’

‘‘నేనా?’’ అంది కన్నం.

‘‘పొద్దున ఒక్కసారే కమలా. పిల్ల నౌకరీ’’ అన్నాను.

‘‘దేనితోటి ఒత్తాలె?’’

చపాతీ కర్ర కొన సరిగ్గా సరిపోయింది. కొలిచి చేసినట్టు, అనాలని ఉంది గానీ ఆ మాట వాడే హక్కు అప్పటికే పోగొట్టుకున్నాను. నేను గరిటెతో గోడమీద మూడుసార్లు తట్టాను. కమల చపాతీ కర్రతో నొక్కింది. పెట్టె గుర్రుమంది, తెర వెలిగింది. శ్రావణి నవ్వి నవ్వి నేలమీద కూర్చుంది. ‘‘బస్ అవ్వా, దుకాణంల చెప్తే ఎవ్వరు నమ్మరు’’ అంది.

యాదగిరి అంతటితో ఆగితే బాగుండేది. తీగలు లాగితే పెట్టె కదులుతుందని, గాలికి సందు వదిలి, గూటి అంచున నాలుగుచోట్ల సిమెంటు మెత్తి పెట్టెను బిగించేశాడు. తాపీతో నున్నగా రుద్ది, ‘‘ఇగ భూకంపమొచ్చినా కదలది’’ అన్నాడు. ఆ మాట నిజమని రెండు రోజుల్లో తెలిసింది.

ఆదివారం సాధన చేశాం. కమల మొదటిసారి కర్రను బటన్ మీదే ఉంచి పదంకెలు లెక్కపెట్టింది, బలంగా నొక్కితే బలంగా పనిచేస్తుందని. అంతసేపు నొక్కితే కంప్యూటర్ ఆరిపోతుందట. తర్వాత చేయి తేలిక చేసుకుంది. మధ్యాహ్నానికి అంతస్తంతా తెలిసిపోయింది. కమల తన వంటగదిలోకి నలుగురేసి ఆడవాళ్లను పిలిచి కన్నం చూపించి, ‘‘పిల్ల కంప్యూటర్ నా చేతిల ఉన్నది’’ అని చెబుతోందని కోడలు కబురు తెచ్చింది.

సోమవారం తొమ్మిదిన్నరకు తట్టాను, కమల నొక్కింది. పదింటికి నక్షా వచ్చింది. శ్రావణి గీస్తోంది. మేమంతా ఆసుపత్రి వరండాలోలా గోడకు వరుసగా కూర్చున్నాం. పదకొండున్నరకు కమల కన్నంలోంచి చెప్పింది, ధారావిలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోయి సాయంత్రం వస్తానని. వెళ్లమన్నాను. నొక్కే పని అయిపోయింది కదా.

పదకొండు నలభై మూడుకు కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది. శ్రావణి చేతులు కీబోర్డు మీద అలాగే ఉండిపోయాయి. ‘‘గీసింది సేవ్ అయ్యే ఉంటది అవ్వా, కరెంటు వస్తే మళ్ల తెరుస్త’’ అంది. తర్వాత దానికీ గుర్తొచ్చింది. గోడవైపు చూసింది. నేను అప్పటికే వరండాలోకి వెళ్లి చూసి వచ్చాను. కమల తలుపుకు తాళం, ఫోనుకు జవాబు లేదు.

యాదగిరి ఉలి తీశాడు. ‘‘సిమెంటు పగలగొట్టి డబ్బా బయటికి తీస్త. రెండు దెబ్బలు.’’

‘‘దెబ్బలేస్తే లోపల ఉన్నది బతుకుతదా?’’ అన్నాను.

‘‘మరి కమల తాళం పగలగొట్టాల్నా?’’

చెప్పుల దుకాణానికి వేసుకుపోయే పాత చెప్పులు తలుపు పక్కనే ఉన్నాయి, శ్రావణి వాటివైపు చూసి చూడనట్టు తల తిప్పుకుంది. ఆ చూపు నేను చూశాను. దాన్ని పుస్తకంలో రాయలేదు, రాయకుండానే గుర్తుంది. ఇరవై రెండు రోజులు ముందూ వెనకా చూసి ఎంచాను, చివరికి ఆ పిల్ల బతుకును పక్కింటి తాళం వెనక పెట్టాను. ‘‘కొట్టు, సిమెంటే కొట్టు’’ అన్నాను యాదగిరితో. వాడు ఉలి ఆనించి సుత్తి ఎత్తాడు.

పదకొండు యాభై ఒకటి. కరెంటు వచ్చింది. ఫ్యాను కదిలింది. గూట్లో గుర్రుమని చప్పుడైంది, తెర వెలిగింది.

సుత్తి గాల్లోనే ఆగింది. ‘‘కమలా, వచ్చినవా?’’ అన్నాను గోడతో. జవాబు లేదు. కోడలు పరుగెత్తి చూసి వచ్చింది. తాళం తాళంలాగే ఉంది. ‘‘మరి ఎవరొత్తిన్రు?’’ అంది. యాదగిరి సుత్తి దించి, దేవుడి పలకవైపు చూసి దండం పెట్టాడు. శ్రావణి అప్పటికే గీస్తోంది. దేవుడైనా దెయ్యమైనా ఒంటిగంట తర్వాత చూసుకుందాం అన్నట్టుంది దాని వీపు. పన్నెండు యాభై రెండుకు పంపేసింది.

ఒంటిగంటకు ఇక్బాల్‌కు ఫోన్ చేసి, మా ఇంట్లో కంప్యూటర్ తనంతట తాను లేచిందని, పాడైపోయిందేమోనని చెప్పాను. అతను అన్నాడు, ‘‘ఖాలా, మొదటిరోజే చెప్పాను. మీరు రాసుకున్నారు.’’

పుస్తకం తీశాను. ఇందాక చెప్పనన్న గడి ఇదే. నా అక్షరాల్లోనే ఉంది. ‘మూడో పలక: పని చేస్తుండగా కరెంటు పోతే, తిరిగి వచ్చినప్పుడు తనంతట తాను లేస్తుంది. కావాలంటే, ప్లగ్గు స్విచ్చి వేయగానే లేచేటట్టు కూడా పెట్టుకోవచ్చు.’ పక్కన తప్పుగుర్తు. దాని పక్కన, కింద గీత కొట్టి మరీ, నా తీర్పు. ‘మనకు అక్కర్లేదు. లేపకుండా లేచే వస్తువు ఇంట్లో మంచిది కాదు.’

అంటే, తెలిసింది కదా. ఆ కన్నం అవసరం లేదు. కమల అవసరం లేదు, చపాతీ కర్ర అవసరం లేదు. మా గోడకే ఉన్న ప్లగ్గు స్విచ్చి, నా చేతికి అందే ఎత్తులో, మొదటి నుంచీ చాలు. శ్రావణి ఆ సాయంత్రమే పలకకు ఆ సంగతి నేర్పింది. స్విచ్చి వేస్తే లేస్తుంది, అంతే.

అయితే అదే సాయంత్రం కమల ధారావి నుంచి తిరిగి వచ్చి, శ్రావణికి ఉద్యోగం ఖాయమైందని విని, అంతస్తంతటికీ పేడా మిఠాయి పంచింది. ‘‘నేనొత్తిన కంప్యూటరే’’ అని ప్రతి తలుపు దగ్గరా చెప్పింది. ఆ ముఖం చూశాక, కన్నం పూడుస్తామని చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది. మరునాడు నేను స్విచ్చి వేశాను, కంప్యూటర్ లేచింది. అలవాటుగా గరిటెతో తట్టాను. కమల నొక్కింది. లేచి ఉన్న కంప్యూటర్ మీట నొక్కితే పడుకుంటుందట, పడుకుంది. శ్రావణి నన్ను చూసిన చూపుకు తూకం రాళ్లు లేవు.

ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టాను. తొమ్మిదిన్నరకు నేను తడతాను. కమల నొక్కి, ‘‘ఒత్తిన అక్కా’’ అంటుంది. అప్పుడు నేను చప్పుడు కాకుండా స్విచ్చి వేస్తాను. ముందు ఆమె, తర్వాత నేను. ప్రతిరోజూ పుస్తకంలో ఒక వాక్యం. ‘కమల నొక్కింది.’ ఇంతటి అబద్ధాన్ని ఇంత చక్కటి దస్తూరీతో నేనెప్పుడూ రాయలేదు. కానీ మంచి అబద్ధమని సరిపెట్టుకున్నాను. పిచ్చిది, నమ్ముతోంది, నమ్మనీ అనుకున్నాను.

గణపతి పండగ వచ్చింది. ఉండ్రాళ్లు చేయడానికి సాయంగా కమల వంటగదికి వెళ్లాను. చాలా నెలల తర్వాత ఆ గోడను అటువైపు నుంచి చూశాను. కన్నం కనపడలేదు. దాని ముందు పసుపు డబ్బా ఉంది. డబ్బా జరిపితే కన్నంలో గుడ్డముక్క కుక్కి, పైన మైనం రాసి ఉంది. మైనం మీద దుమ్ము. నేను దుమ్ము మందం చూసి రోజులు చెప్పగల మనిషిని.

‘‘ఎప్పటిసంది కమలా?’’ అన్నాను.

ఆమె పిండి పిసకడం ఆపలేదు. ‘‘ఆషాఢం సంది అక్కా. అందులకెళ్లి బొద్దింకలు వస్తున్నయి.’’

‘‘మరి రోజు ఒత్తిన అంటవు?’’

‘‘ఒకనాడు మర్చిపోయి, ఒత్తకుంటనే ఒత్తిన అన్న. అయినా లేసింది. తెల్లారి కావాలనే ఒత్తలే. మళ్ల లేసింది.’’ పిండి ముద్దను అరచేతిలో తిప్పింది. ‘‘నువ్వేమో రోజు తడ్తవు. నీకు తెల్వదేమో, చెప్తే పాపం బాధపడ్తవని ఊకున్న.’’

నేను పసుపు డబ్బాను మళ్లీ కన్నం ముందుకు జరిపాను.

‘‘గంతే కాదక్కా’’ అంది. ‘‘నువ్వు ఆ పుస్తకంల రోజు నా పేరు రాస్తవట గద. శ్రావణి చెప్పింది. నా పేరు రోజు రాసేటోళ్లు ఇంకెవరున్నరు?’’

ఇంటికొచ్చి పుస్తకం తెరిచాను. ఆషాఢం మొదటిరోజు నుంచి లెక్కపెట్టాను. అరవై ఒక్క రోజులు ‘కమల నొక్కింది’ అని ఉంది. అరవై ఒక్క రోజులూ కమల నొక్కలేదు. ఆమెను మోసం చేస్తున్నానని నేను, నన్ను ఓదారుస్తున్నానని ఆమె, ఇద్దరం కలిసి ఒక స్విచ్చిని లేపుతున్నాం. కొట్టివేయడానికి ఎర్ర పెన్ను తీసి, చాలాసేపు పట్టుకుని, మూత పెట్టేశాను. కన్నం మూసింది ఎవరు, ఎంత మైనం పట్టింది అన్నది మాత్రం చివర్లో రాశాను. పని సరిగ్గా చేసింది, గాలి కూడా దూరదు.

ఆ పలక ఈనాటికీ ఒక్కరోజు మొరాయించలేదు. శ్రావణి ఇప్పుడు ఆ ఆఫీసులో నలుగురు గీసిన నక్షాలు సరిచూస్తుంది. తలుపు తెరుచుకునే జాగా ఉందా లేదా అన్నది అందులో మొదట చూస్తుందట.

ఇక నా ఒట్టు. మా నాన్న రసమట్టం మీద, బుడగను సరిగ్గా నడుమకు తెచ్చి, చేయి వేసి చెబుతున్నాను. ఇక మీదట ఏ వస్తువు కొన్నా దాని పొడవూ వెడల్పూ తర్వాత, ముందు దాని మీట ఎటువైపుందో చూస్తాను. ‘అక్కర్లేదు’ అన్న మాట నా పుస్తకంలో మళ్లీ రాయను. గోడ మందం తెలియకుండా మా తమ్ముడికి ఉలి ఇవ్వను. నిజం కానిది ఒక్క అక్షరం కూడా రాయను.

చివరిది రేపటి నుంచి. ఇవాళ తొమ్మిదిన్నర కావస్తోంది, గరిటె కనపడటం లేదు, అవతల కమల అప్పుడే గొంతు సవరించుకుంటోంది.